లెక్కలు మన ఇంటా వంటా లేవా?



పిల్లలు లెక్కల్లో తక్కువ మార్కులు తెచ్చుకుంటే కొందరం కేకలేస్తాం, కొందరం ఓదారుస్తాం. కేకలు చేసే చెరుపు అందరికీ తెలిసిందే. ఓదార్పు కూడా చెరుపు చేస్తుందని నాకు ఆలస్యంగా తెలిసింది.

మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా లెక్కల పేపరు చూపించి ఏడ్చింది. నూటికి 31. "పోనీలేమ్మా, నాకూ లెక్కలు రావు. మన ఇంటా వంటా లేదు" అన్నాను. పిల్ల మనసు కుదుటపడాలనే అన్నాను సుమండీ! నెల్లాళ్ళకి పక్కింటి పిన్నిగారు "లెక్కలెలా సాగుతున్నాయే?" అనడిగితే, "మా అమ్మకే రావండీ, నాకెలా వస్తాయి?" అంది. అప్పటికే పుస్తకం తెరవడం మానేసింది. నా గుండెల్లో రాయి పడింది. అదే మగపిల్లవాడైతే "ఇంకాస్త కష్టపడరా" అని ఉండేదాన్ని కదూ!

ఇంతకీ నాకు లెక్కలు రావా? చదివింది పదో తరగతే. అయినా రోజుకు లీటరున్నర చొప్పున పాలు, ముప్పై రోజుల్లో నాలుగు రోజులు నాగా పోతే 39 లీటర్లని ఇట్టే చెబుతాను. బియ్యానికి ఎసరు, జాకెట్టుకి గుడ్డ, చీటీ వాయిదా - ఇవన్నీ లెక్కలు కాక మరేమిటి?

2015లో అమెరికాలో చికాగో విశ్వవిద్యాలయం వారు ఒకటి, రెండు తరగతుల పిల్లలను ఏడాదిపాటు గమనించారు. లెక్కలంటే భయపడే తల్లిదండ్రులు తరచు కూర్చోబెట్టి హోంవర్కు చేయించిన పిల్లలు తక్కువ నేర్చుకున్నారట, వాళ్ళకూ ఆ భయం పట్టుకుందట. అలాగని వదిలేయాలా? అక్కర్లేదు. అదే ఏడు అక్కడివారే మరో సంగతి చూశారు. పెద్దలూ పిల్లలూ కలిసి చిన్న కథ చదివి, అందులోని లెక్కల గురించి సరదాగా మాట్లాడుకుంటే, భయపడే తల్లిదండ్రుల పిల్లలు కూడా బాగా పుంజుకున్నారు. అంటే చెరుపు చేసేది మన సాయం కాదు, సాయంతోబాటు మనం అంటించే భయం.

అందుకే మా ఇంటి పాల లెక్క అమ్మాయికి అప్పగించాను. మొదటి నెల నాగాలు తీసెయ్యడం మరిచిపోయింది. "తప్పు" అనకుండా, "ఎక్కడో ఎక్కువొచ్చింది, చూద్దామా?" అన్నాను. తనే పట్టుకుంది. ఆ మొహంలో వెలుగు చూడాలి!

ఫస్టు మార్కులేం రాలేదు లెండి. పుస్తకం మాత్రం మళ్ళీ తెరుస్తోంది.

ఈసారి మీ నోట "నాకూ రావు" అన్న మాట రాబోతే మింగేయండి. "పద, ఇద్దరం చూద్దాం" అనండి. ఉంటానండీ, సెలవు.