మోకాలు దక్కితే నడక దక్కుతుంది
(మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను, రిటైరైన గుమాస్తాను. షుగరు పుండు ముదిరి నా ఎడమకాలు మోకాలి కింద తీసివేసిన సంగతి మీకు తెలిసినదే. మన మార్కాపురం, గిద్దలూరు వైపు కాలు తీయాలన్న మాట వింటే ఇంటిల్లిపాదీ బెంబేలెత్తి "ఇంకొన్నాళ్లు చూద్దాం" అంటారు. అందుకే ఈ నాలుగు మాటలు.

మొదట అడగవలసినది మోకాలు దక్కుతుందా అని. సొంత మోకాలుంటే కృత్రిమ కాలుతో లేవడం, మెట్లెక్కడం తేలిక. మోకాలి పైకి తీస్తే నడకకు శ్రమ చాలా ఎక్కువ. మన వయసులో అనేకులు నడకే మానుకుంటారు.

సాధారణంగా మోకాలికి 12 నుంచి 15 సెంటీమీటర్ల కింద పెద్ద ఎముకను కోస్తారు. దాని ముందు అంచు చర్మాన్ని పొడవకుండా వాలుగా అరగదీస్తారు. పక్కనున్న సన్న ఎముకను మరికాస్త పైకి కోస్తారు. నరాన్ని మెల్లగా కిందికి లాగి కోస్తే, అది లోపలి కండలోకి పోతుంది. పిక్క కండను, చర్మాన్ని మాత్రం పొడవుగా ఉంచి, ఎముక కొనమీదుగా ముందుకు మడిచి కుడతారు. ముందువైపు కన్నా పిక్కకు రక్తం బాగా అందుతుంది గనుక గాయం మానుతుంది. ఆ కండే ఎముకకు మెత్తగా ఉంటుంది. 1960లలో అమెరికా డాక్టరు ఎర్నెస్ట్ బర్జెస్ ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు.

ఇంట్లోవారికి ఒక మనవి. ప్రేమకొద్దీ మోకాలి కింద దిండు పెట్టవద్దు. మోకాలు వంగి బిగుసుకుపోతే కృత్రిమ కాలు అమరదు. లేని బొటనవేలు దురద పెడుతోందని రోగి అంటే మతి పోయిందనుకోవద్దు. అది మామూలే.

నటి సుధాచంద్రన్ గారు 1981లో ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, జైపూర్ కాలితో మళ్లీ నాట్యం చేశారు. ఆమె కథతోనే 1985లో 'మయూరి' చిత్రం వచ్చింది. ఆ కాలిని జైపూరులో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేథీ కలిసి రూపొందించారు. మనలా కింద కూర్చునేవారికి, బురదలో నడిచేవారికి పనికివచ్చేలా చేశారు. మనం నాట్యం చేయనక్కరలేదు. పెన్షను తెచ్చుకోవడానికి నడిస్తే చాలు.

రోజూ రాత్రి పాదాలు చూసుకోండి. కంటికి ఆనకపోతే మనవడిచేత చూపించుకోండి. వేలు నల్లబడినా, పుండు వాసన వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. పెండింగు ఫైలుకు రిమైండరు వస్తుంది. కుళ్లే కాలికి రాదు. ఆలస్యమైనకొద్దీ కోత పైకి పోతుంది, ప్రాణానికే ముప్పు రావచ్చు.

సెలవు.