సొంత అంగుళం



డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ స్మృతిలో మాట్లాడమన్నారు. 1938లో చైనాకు వెళ్లిన ఐదుగురు భారతీయ వైద్యుల్లో ఆయన ఒకరు. 1942 డిసెంబరు 9న, 32 ఏళ్ల వయసులో అక్కడే కన్నుమూశారు. ఆ బృందంలోని బిజయ్ కుమార్ బసు తిరిగొచ్చారు. 1950ల చివర మళ్లీ చైనా వెళ్లి, ఆక్యుపంక్చర్ నేర్చుకుని, 1959లో మన దేశానికి తెచ్చారు. ఇక్కడ సూది పట్టిన ప్రతి ఒక్కరం ఆ ఐదుగురికీ ఋణపడి ఉన్నాం. 2019లో కేంద్ర ప్రభుత్వం ఆక్యుపంక్చర్‌ను ప్రత్యేక వైద్యపద్ధతిగా గుర్తించింది. గుర్తింపుతో పాటు రావలసిన చదువు మాత్రం ఇంకా రాలేదు. అదే నా బాధ.

మనలో చాలామందికి అందింది సూది గుచ్చే పాయింట్ల పట్టిక. మోకాలి నొప్పికి ఇవి, నడుం నొప్పికి ఇవి అని బట్టీ పట్టాం. ఆ పట్టికకు మూలం 'హ్వాంగ్‌దీ నేయ్‌జింగ్' అనే చైనా గ్రంథం. సుమారు రెండు వేల ఏళ్ల నాటిది. సూవెన్, లింగ్‌షూ అని రెండు భాగాలు, ఒక్కోదానిలో 81 అధ్యాయాలు. ఒకరు కూర్చుని రాసింది కాదు, చాలా చేతులు కలిసిన గ్రంథం. అందుకే ఒక అధ్యాయం చెప్పిన మాటను ఇంకో అధ్యాయం కాదంటుంది కూడా.

లింగ్‌షూలో పద్నాలుగో అధ్యాయం ఎముకల కొలతల గురించి. మనిషి ఎత్తు 75 త్సున్‌లు అనుకుంటే మోకాలి నుంచి చీలమండ దాకా 16, మోచేతి నుంచి మణికట్టు దాకా పన్నెండున్నర. ఈనాటి పుస్తకాలు ఆ పన్నెండున్నరను పన్నెండు చేశాయి. త్సున్ అంటే బొటనవేలి వెడల్పు అని నాకు నేర్పారు. ఎవరి బొటనవేలో నేను అడగలేదు. ఏళ్ల తరబడి నా వేలితోనే కొలిచాను. నా చెయ్యి పెద్దది. నా దగ్గరికి వచ్చేవారిలో బక్కపలచని అవ్వలు ఎక్కువ. మోకాలి కింద మూడు త్సున్‌ల దగ్గర పెట్టాల్సిన సూది వాళ్ల కాలి మీద ఎంత కిందికి జారి ఉంటుందో ఆలోచించండి.

ఆ తప్పు నాకు తెలిసొచ్చింది ఆళ్లగడ్డలో. ఒక శిల్పి షెడ్డులో కూర్చుని ఉన్నాను. నల్లరాయి నిలబెట్టి ఉంది. ఆయన ఉలి పట్టలేదు. ముందు ఒక సన్నటి కర్ర తీసుకుని, విగ్రహం ఎత్తుకు సరిగ్గా కోసి, దాన్ని తొమ్మిది భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని పన్నెండుగా గీసుకున్నాడు. నవతాళం, 108 అంగుళాలు. ఆ కర్ర ఆ విగ్రహానికి మాత్రమే. పక్కనున్న రాతికి ఇంకో కర్ర. విగ్రహం దేహంలోంచే పుట్టిన కొలత కాబట్టి శిల్పశాస్త్రం దాన్ని దేహలబ్ధాంగుళం అంటుంది. సుశ్రుత సంహితలోనూ మనిషిని అతని సొంత అంగుళాలతోనే కొలుస్తారు. ఇంటికొచ్చి మళ్లీ పుస్తకాలు తెరిచాను. 7వ శతాబ్దపు చైనా వైద్యుడు సున్ సిమియావో ఆ సంగతే రాసిపెట్టాడు: కొలతకు రోగి వేలే ప్రమాణం. నా పాయింట్ల పుస్తకంలో ఆ ఒక్క ముక్క రాలిపోయింది.

కొలతల మీద చైనావాళ్లకు ఎంత పట్టింపంటే, 1027లో వాంగ్ వేయ్‌యీ పర్యవేక్షణలో నిలువెత్తు కంచు మనుషులను ఇద్దరిని పోతపోశారు. పాయింటు ఉన్నచోటల్లా ఒక రంధ్రం. పైన మైనం పూసి, లోపల నీళ్లు నింపి, విద్యార్థి చేతికి సూది ఇచ్చేవారు. సరైనచోట గుచ్చితే నీళ్లు కారేవి. ఆ విగ్రహాలకు తోడు రాసిన గ్రంథాన్ని రాళ్ల మీద కూడా చెక్కించారు. తర్వాతి కాలంలో ఆ రాళ్లను పగలగొట్టి బీజింగ్ కోటగోడలో పూడ్చేశారు. ఇరవయ్యో శతాబ్దంలో గోడలు కూల్చుతుంటే ముక్కలు బయటపడ్డాయి. రాతి విలువ తెలిసిన ఆళ్లగడ్డ వారికి ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పాలనిపించింది.

గ్రంథం చదవక నేను చేసిన ఇంకో తప్పు చెబుతాను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో, మిరప చేను నుంచి నేరుగా ఒక కూలీ తల్లి వచ్చింది. తెల్లవారకముందు ఇల్లు వదిలింది, ఏమీ తినలేదు. నేను అడగనూ లేదు. కూర్చోబెట్టి మెడకు సూదులు పెట్టాను. నిమిషంలో ముఖం పాలిపోయి, చెమటలు పట్టి, పక్కకు ఒరిగిపోయింది. సూదులు తీసేసి, పడుకోబెట్టి, కాళ్లు ఎత్తిపెట్టాను. కాసేపటికి తేరుకుంది. చాలా ఏళ్లకు సూవెన్ 52వ అధ్యాయం చదివాను. తాగినవారికి, కోపంలో ఉన్నవారికి, అలసినవారికి, ఆకలిదప్పులతో ఉన్నవారికి, అప్పుడే కడుపునిండా తిన్నవారికి సూది వద్దని అందులో వరసగా ఉంది. నేను ముందే చదవాల్సిన పుట అది.

అదే అధ్యాయంలో సూది ఊపిరితిత్తికి తగిలితే మూడు రోజుల్లో, కాలేయానికి తగిలితే ఐదు రోజుల్లో మరణమని లెక్కలున్నాయి. ఆ రోజుల లెక్క సిద్ధాంతం కోసం కట్టింది, దాన్ని నమ్మనక్కర్లేదు. కానీ ఛాతీ మీద లోతుగా గుచ్చితే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ప్రాణం మీదికి వస్తుందన్నది నేటి వైద్యమూ ఒప్పుకునే నిజం. పాత గ్రంథాన్ని ఇలాగే చదవాలి. ఏది చేతి అనుభవం, ఏది లెక్క కోసం చెప్పింది అని ప్రతి వాక్యాన్నీ నిలదీయాలి. గ్రంథం పాతదైనంత మాత్రాన చికిత్స పనిచేసినట్టు కాదు. అది పరీక్షల్లో తేలాలి. ఏం చెయ్యమన్నారో, ఎందుకన్నారో మాత్రం గ్రంథమే చెప్పాలి.

నేయ్‌జింగ్ కంటే పాత రాతలూ ఉన్నాయి. 1973లో చైనాలోని మావాంగ్‌దుయ్ సమాధిలో పట్టుబట్ట మీద రాసిన వైద్యగ్రంథాలు దొరికాయి. క్రీ.పూ. 168లో మూసిన సమాధి. వాటిలో దేహంలోని నాళాలు మన పుస్తకాల్లోలా పన్నెండు కాదు, పదకొండే. ఆ నాళాలకు చెప్పిన చికిత్స సూది కాదు, కాల్చడం. మన పల్లెల్లో వాతలు పెట్టేవారు గుర్తుకు రావడం లేదూ? చైనావాళ్లు అందుకు వాడే ఆకు మన మాచిపత్రి జాతిదే. వినాయక చవితి పూజలో మొదట వేసే పత్రి!

మన దేశానికీ చైనాకూ మధ్య రాకపోకలు రెండు వైపులా ఉండేవి. తాంగ్ కాలంలో నాగార్జునుడి పేరు మీద 'లుంగ్‌షూ' అనే కంటివైద్య గ్రంథం చైనాలో చెల్లుబాటైంది. కవి బై జూయి తన కంటిజబ్బు గురించి రాసిన పద్యంలో దాన్ని ప్రస్తావించాడు. ఆచార్య నాగార్జునుడి పేరుతో ముడిపడిన శ్రీపర్వతం మన నల్లమల కొండల్లోదే కదా.

ఇక అసలు విషయానికి వస్తాను. మనకు ఈ గ్రంథాలు ఇంగ్లీషు మీదుగా అందుతున్నాయి. పాల్ ఉన్‌షుల్డ్ లాంటి పండితులు 2011లో సూవెన్‌ను, 2016లో లింగ్‌షూను శ్రద్ధగా అనువదించారు. అయినా ఇంగ్లీషు దారిలో కొన్ని జారిపోతాయి. సూది పట్టినప్పుడు రోగికి తెలిసే నొప్పిని చైనా వైద్యులు 'స్వాన్' అంటారు. ఆ మాటకు అర్థం పులుపు. ఇంగ్లీషు దాన్ని ఉత్త నొప్పిగా మార్చేసింది. మన కూలీ తల్లి ఏమంటుంది? 'కాళ్లు పులిసిపోయినాయి సార్' అంటుంది. పులుపే! ఆ నొప్పి ఎలాంటిదో తెలుగువాడికి వివరించక్కర్లేదు. నేరుగా తెలుగులోకి తెస్తే అర్థమూ, అనుభవమూ రెండూ దక్కుతాయి.

162 అధ్యాయాలూ ఒకేసారి కావాలని అడగను. సూవెన్ 52, లింగ్‌షూ 14 చాలు. రెండూ చిన్నవే. నంద్యాల కాలేజీల్లో చదివే పిల్లల్లో ఒక్కరు ప్రాచీన చైనీస్ నేర్చుకోవడానికి ముందుకొస్తే, నా దగ్గరున్న పుస్తకాలన్నీ వారికిస్తాను. సభ ముగిశాక ఇక్కడే ఉంటాను. వచ్చి కలవండి.