పిల్లల పగటి నిద్ర - ఎప్పుడు మాన్పించాలి?



నేను మంచిర్యాల జిల్లాలో వ్యవసాయ విస్తరణ అధికారిగా పనిచేస్తున్నాను. వరికి నీరు యెప్పుడు ఆపాలి, పత్తికి మందు యెప్పుడు కొట్టాలి అన్నవి నాకు రోజూ వచ్చే ప్రశ్నలే. ఐతే పోయిన వానాకాలం నాట్ల రోజుల్లో, జైపూర్ మండలంలో ఒక పొలం గట్టుమీద, ఒక తల్లి వేరే ప్రశ్న వేసింది.

"సారూ, నారు సంగతి తరువాత చెప్పుదురు గాని. మా పిలగానికి నాలుగేండ్లు. పగలు పండుకుంటే రాత్రి పదకొండు దాటినా కండ్లు మూయడు. పండుకోకుంటే పొద్దుగూకంగనే బువ్వ తినకుండ ఒరిగిపోతడు. పగటి నిద్ర మాన్పియ్యాల్నా, వద్దా?"

ఆమె భర్త బొగ్గు గనిలో పనివాడు. ఒక వారం పొద్దటి షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం షిఫ్టు, ఒక వారం రాత్రి షిఫ్టు. రాత్రి షిఫ్టు దిగి వచ్చి ఆయన పగలు పడుకుంటే యింట్లో సప్పుడు కాగూడదు. అందుకని పిల్లవాణ్ణి కూడా పక్కలో వేసి జోకొట్టేవారు. ఆ వారమంతా వాడు పగలు మూడేసి గంటలు నిద్రపోవటం, అర్ధరాత్రిదాకా ఆడటం. తల్లి మాత్రం తెల్లవారి ఐదింటికి లేచి నాటుకు పోవాలి. కన్ను మూయనిది ఆమె ఒక్కతే.

ఈ ప్రశ్నకు జవాబు నాకు పుస్తకంలోకంటె ముందు, నేను చేసిన తప్పులో దొరికింది. అది మీకు చెప్పటానికి సిగ్గుపడను.

మా బిడ్డకు మూడేండ్లు నిండగానే, బడికి అలవాటు కావాలె గదా అని, పగటి నిద్ర ఒక్క రోజులో మాన్పించాను. కండ్లు మూతలు పడుతుంటే మొహాన నీళ్లు చల్లి లేపాను. మా అమ్మ, "పసిపిల్లరా అది! మొక్కకు నీళ్లు బందు పెట్టినట్టు నిద్ర బందు పెడుతవా?" అన్నది. నేను వినలేదు. వారం తిరక్కముందే ఒక సాయంత్రం అంగడి చేసుకొని మోటారు సైకిలుమీద వస్తున్నాము. పిల్లను ముందర ట్యాంకుమీద కూర్చోబెట్టుకున్నాను. మలుపు దగ్గర దాని తల హాండిలుమీద వాలింది, ఒళ్లు పక్కకు జారింది. ఒక చేత్తో పట్టుకొని, బండిని రోడ్డు దించి ఆపాను. ఇద్దరికీ దెబ్బ తగలలేదు, అది మా అదృష్టం. పైరును చూసి నీరు పెట్టండి, కేలండరు చూసి కాదు అని వూరూరా చెప్పే నేను, నా బిడ్డ దగ్గర కేలండరునే నమ్మాను.

ఇక అసలు సంగతికి వద్దాము. పిల్లలకు యెంత నిద్ర కావాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క యిది. ఏడాది నిండి మూడేండ్లు నిండని పిల్లలకు రోజుకు 11 నుంచి 14 గంటలు. మూడు, నాలుగేండ్ల పిల్లలకు 10 నుంచి 13 గంటలు. పగటి కునుకు కూడా యీ లెక్కలోనిదే, వేరు కాదు. కాబట్టి పగలు యెక్కువైతే రాత్రి తగ్గుతుంది, పగలు తీసివేస్తే రాత్రి ఆ లోటు పూడ్చాలి.

సాధారణంగా ఏడాది పిల్లలు పగలు రెండుసార్లు పడుకుంటారు. ఏడాదిన్నర ప్రాంతాన అది ఒక్కసారికి వస్తుంది. ఆ ఒక్క నిద్రను మానటం చాలామందిలో మూడు, ఐదేండ్ల మధ్య జరుగుతుంది. రెండేండ్ల లోపల మానే పిల్లలు బహు తక్కువ. ఐదేండ్లు నిండేసరికి నూటికి తొంభైమందికి పైగా మానివేస్తారు. చూశారా, మూడుకూ ఐదుకూ మధ్య రెండేండ్ల యెడం వున్నది. పక్కింటి పిల్ల మూడేండ్లకే మానిందని మన పిల్లను తొందర పెట్టరాదు.

ఇంత తేడా యెందుకు? మెలకువగా వున్నకొద్దీ మనిషిలో నిద్ర భారం కూడుతుంది, కుంటలో నీరు చేరినట్టు. పసిపిల్లల కుంట చిన్నది, మధ్యాహ్నానికే నిండి మత్తడి దూకుతుంది. పెరిగినకొద్దీ కుంట పెద్దదై రాత్రిదాకా ఆపుకోగలుగుతారు. అట్లా పెరిగిన పిల్లను పగలు బలవంతాన పడుకోబెడితే కుంట ఖాళీ ఐపోతుంది. అది రాత్రి పదకొండుకు గాని తిరిగి నిండదు. ఆ తల్లి బాధ యిదే.

మరి కుంట పెద్దదైనట్టు మనకు యెట్లా తెలుస్తుంది? వరిలో తడి ఆరబెట్టే పద్ధతికి చిల్లుల గొట్టం పాతుతాము గదా. అందులో నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగితేనే మళ్లీ తడి పెడతాము. పిల్లవాడి దగ్గర మనకు గొట్టం లేదు గాని, చూడవలసిన వేళలు మూడు వున్నవి.

ఒకటి, మధ్యాహ్నం. పక్కమీద వేసిన అరగంటకు, ముప్పావుగంటకు కూడా నిద్రపోక ఆడుతూ వున్నాడా? రెండు, సాయంత్రం. పగలు పడుకోని రోజున నాలుగు, ఐదు గంటలకు చిరాకు లేకుండా, తూలకుండా ఆడుతున్నాడా? మూడు, రాత్రి. పగలు పడుకున్న రోజున రాత్రి నిద్ర బాగా ఆలస్యమౌతున్నదా? ఈ మూడింటికీ అవునని జవాబు వస్తే, కాలం వచ్చినట్టే. సాయంత్రం ఊరికే యేడ్చి, పడి లేచి, కంచం ముందు జోగుతుంటే యింకా కాలం రాలేదు. ఒక్క రోజు చూసి నిర్ణయించవద్దు, పదిహేను రోజులు చూడండి. జ్వరం వచ్చిన రోజులు, పెండ్లికి పోయిన రోజులు లెక్కలోకి తీసుకోవద్దు.

మాన్పించటం కూడా ఒక్కసారిగా కాదు. రెండు గంటల నిద్రను గంటన్నరకు, తరువాత గంటకు, ఆపైన అరగంటకు తేవాలి. మధ్యాహ్నం మూడు దాటకముందే మెల్లగా లేపాలి. పడుకోని రోజున బువ్వ పెందలాడే పెట్టి, రాత్రి ఒక గంట ముందే పక్క వేయాలి. ఒకటి రెండు రోజులు పడుకోక, మూడోనాడు పడుకున్నా కంగారు పడవద్దు. కొన్ని నెలలు అట్లాగే వుంటుంది. నిద్ర మానినా నడుం వాల్చటం మాత్రం మానగూడదు. మన బొగ్గు ప్రాంతంలో యెండాకాలం 45 డిగ్రీలు దాటటం మీకు తెలియనిది కాదు. నిద్రపోడు గదా అని మిట్టమధ్యాహ్నం వీధిలోకి వదలవద్దు. నీడపట్టున చాపమీద కథ చెప్పండి, బొమ్మలివ్వండి. సెల్‌ఫోను చేతికిస్తే అది విశ్రాంతి అనిపించుకోదు.

షిఫ్టు యిండ్లవారికి ఒక మాట. గనిలో దిగే మనిషికి నిద్ర ప్రాణంతో సమానం. అది చెడగూడదు. కాని దానికోసం పిల్లవాణ్ణి కూడా నిద్రపుచ్చనక్కర లేదు. మూడేండ్లు నిండిన పిల్లను అంగన్‌వాడీకి పంపండి, లేదా నాయినమ్మ దగ్గర, పక్కింటి అరుగుమీద ఆడనివ్వండి. తండ్రి నిద్ర వేరు, బిడ్డ నిద్ర వేరు.

చేనుకు పిల్లను తెచ్చేవారికి మరొక మాట. ట్రాక్టరు నీడన, మందు డబ్బాలు, స్ప్రేయరు పెట్టిన చెట్టు కింద పిల్లను యెన్నడూ పండబెట్టవద్దు. నిద్రపోయే పిల్ల గడ్డిలో కనబడదు.

నిద్రలో గట్టిగా గురక పెట్టే పిల్లను, ఊపిరి ఆగి ఆగి తీసే పిల్లను డాక్టరుకు చూపండి. ఐదేండ్లు దాటినా రోజూ పగలు మగతగా వుండే పిల్లను కూడా చూపండి. అది అలవాటు కాదు, జబ్బు కావచ్చు.

గట్టుమీది తల్లికి నేను యిదే చెప్పాను. కలుపు తీతల నాటికి మళ్లీ ఆ దారిన పోయాను. పిల్లవాడు గట్టుమీద మట్టితో బండి చేస్తున్నాడు. "గంట కంటె యెక్కువ పండుకోనిస్తలేను సారూ. రాత్రి తొమ్మిదిన్నరకు పంటున్నడు. అలిసిన నాడు మాత్రం ఇంకింత పంటడు" అన్నది. "పండుకోనియ్యమ్మా, వాడే మానుతడు" అన్నాను.

తరువాత ఆమె నారు సంగతి అడిగింది. అది యింకొక రోజు చెప్పుకుందాము.