పట్టుపురుగులకు ఊజీ ఈగ బెడద



పట్టుపురుగు నాలుగు జ్వరాలూ దాటింది, కడుపునిండా ఆకు తిన్నది, చంద్రికె ఎక్కింది. ఇక పంట చేతికి వచ్చినట్లే అనుకుంటాము. కాని ఇల్లలకగానే పండుగ కాదు గదా! గూళ్లు విడదీసేనాడు చూస్తే కొన్నింటికి చిన్న రంధ్రం పడి ఉంటుంది. అటువంటి గూటినుంచి దారం తెగకుండా రాదు. హిందూపురం గూళ్ల మార్కెట్టులో దానికి మంచి ధర పలకదు. ధర్మవరం మగ్గానికి చేరవలసిన పట్టు ఆ రంధ్రంలోనే పోయిందన్నమాట. ఈ నష్టం చేసేది ఊజీ ఈగ.

ఇది మన సీమలో పుట్టిన ఈగ కాదు. మునుపు బెంగాలు, అస్సాము వైపు ఉండేది. 1980లో పశ్చిమ బెంగాలునుంచి తెచ్చిన విత్తనపు గూళ్లతో కర్ణాటకలో ప్రవేశించి, అక్కడినుంచి మనవైపు వ్యాపించింది. మనిషి సరుకే దానికి బండి అయినది. ఇట్టి కథ మనది ఒక్కటే కాదు. ఐరోపా తీరపు పచ్చ ఎండ్రకాయ ఓడల వెంట అమెరికా చేరి, 1817 నాటికే అక్కడ కనిపించింది. ఆల్చిప్పల పిల్లలను పగులగొట్టి తినడం దాని పని. అందుచేత చిప్ప గట్టిపడేదాకా పిల్లలను వలసంచులలో ఉంచి కాపాడుతారు. ఆల్చిప్పకు చిన్ననాట గండం. మన పట్టుపురుగుకు పెద్దయినాక గండం. మొదటి రక్షణ మాత్రం ఇద్దరికీ వలే.

ఊజీ ఈగ ఇంటి ఈగకంటె పెద్దది, బూడిద రంగుది. వీపుమీద నాలుగు నల్లచారలుంటాయి. పట్టుపురుగు ఒంటిమీద గుండుసూది తలంత తెల్లని గుడ్డు అంటించిపోతుంది. రెండు మూడు దినాలలో గుడ్డు పొదిగి, ఊజీ పిల్ల పురుగు లోపలికి దూరుతుంది. దూరినచోట నల్లమచ్చ పడుతుంది. లోపల 5 నుంచి 8 దినాలు తిని వెలుపలికి వస్తుంది. ముందుగా గుడ్డు పడిన పురుగు గూడు కట్టకనే చస్తుంది. ఆలస్యంగా పడినది గూడు కడుతుంది గాని, ఊజీ పిల్ల ఆ గూటిని తొలుచుకొని బయటపడుతుంది.

మరి ఏమి చేయవలెను? పెంపకపు ఇంటి కిటికీలకు, తలుపులకు సన్నని నైలాను వల బిగించండి. తలుపు ముందు చిన్న వసారా వంటి గది ఉంటే మరీ మేలు. కోసి తెచ్చిన ఆకుతో కూడా ఈగ లోపలికి రావచ్చును, దులిపి తీసుకొనిపోండి. గుడ్డు కనబడిన రెండు దినాల లోపల, నూటికి ఒక పాలు బెంజోయిక్ ఆమ్లం గల ఊజీసైడు మందు పురుగులమీద చల్లితే గుడ్డు పొదగదు. జ్వరంలో ఉన్న పురుగులమీద మాత్రం చల్లరాదు.

అసలు కీలకం ఇంకొకటి ఉన్నది. వెలుపలికి వచ్చిన ఊజీ పిల్ల నేలబీటలలో, గోడమూలల్లో దూరి ఒక్క దినం లోపలే కోశమై గట్టిపడుతుంది. 10, 12 దినాలకు మళ్లీ ఈగై లేస్తుంది. ఈ వ్యవధే మనకు అదను. నేల నెర్రెలు పూడ్చండి. చంద్రికెల కింద రాలిన ఊజీ పిల్లలను, కోశాలను ఏరి సబ్బునీళ్లలో వేసి చంపండి, లేదా కాల్చండి. ఊడ్చి దిబ్బలో పారవేస్తే పక్కింటి పంటకు శత్రువును పెంచినట్లే. నెసోలింక్స్ థైమస్ అనే సన్నని కీటకం ఊజీ కోశాలలో గుడ్లు పెట్టి వాటిని చంపుతుంది. దానిని ఎప్పుడు, ఎంత వదలవలెనో పట్టు పరిశ్రమ శాఖవారిని గాని, కిరికెరలోని పట్టు పరిశోధన సంస్థవారిని గాని అడిగి తెలుసుకోండి.

గ్రామాలలో పనిచేసే సిబ్బందికీ ఒక మనవి. ఒక్క రైతు వల కట్టి, పదిమంది కట్టకుంటే ఈగ పోదు. ఊరంతా ఒక్కమాటమీద ఊజీ పిల్లలను ఏరించండి. గూళ్లు నింపి తెచ్చిన సంచులను, మార్కెట్టునుంచి తిరిగివచ్చే సంచులను కూడా దులిపించండి. బండి ఎక్కి వచ్చిన శత్రువును మళ్లీ బండి ఎక్కనీయకుండా చూడడం మనందరి పని.