పోటీలో ఎదుటివాడును మనవాడే
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండిన ఈ శుభసమయమున, రేపు జరుగనున్న ఆటల పోటీలను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్నాజ్ఞాపించిరి. నేను పండితుడను గాను. పగలెల్ల ఊరి భూముల లెక్కలు వ్రాసి, రాత్రివేళ ఈ గ్రంథాలయపు దీపము క్రింద భారతమును కూడబలుకుకొని చదివినవాడను. తప్పులున్న మన్నింతురు గాక.

ఒక్కడే పరుగెత్తిన అది పరుగే గాని పోటీ గాదు. రెండవవాడు వచ్చి ప్రక్కన నిలిచినప్పుడే అది పోటీ యగును. కావున నా గెలుపునకు సగము పెట్టుబడి పెట్టినవాడు నా ఎదుటివాడే. లెక్కలవాని మాటలలో చెప్పవలెనన్న, గెలిచిన ప్రతివాడును ఓడినవానికి బాకీదారు.

కురుక్షేత్రమున యుద్ధారంభమునకు ముందు ఉభయపక్షములవారును నియమములు చేసికొనిరి. రథికుడు రథికునితోనే పోరవలయును. ఆయుధము పోయినవానిని, వెన్నిచ్చినవానిని కొట్టరాదు. చంపుకొన వచ్చినవారికే నియమములు కావలసివచ్చినప్పుడు, ఆడుకొన వచ్చిన మనకు వలదా? ఆ నియమములను ఇరుపక్షములవారును తప్పిరి. అభిమన్యుని విషయమున కౌరవులు తప్పిరి. గదాయుద్ధమున భీముడు తొడపై కొట్టి తప్పెను. ఇరువురును తన శిష్యులే యైనను బలరాముడు సహింపక నాగలి యెత్తెను.

నన్ను అంతకంటె బాధించునది ఆదిపర్వములోని ఏకలవ్యుని కథ. తనకంటె మిన్నయైన విలుకాని జూచి అర్జునుడు ద్రోణునితో మొరపెట్టుకొనెను. వ్రేలడిగినవాడు ద్రోణుడు, కోసి యిచ్చినవాడు ఏకలవ్యుడు. అర్జునుడు కత్తి పట్టలేదు. కాని వలదని ఒక్క మాటయు అనలేదు. ఆ మౌనమును ఎవరి ఖాతాలో వ్రాయవలయును?

మన కాలమున ఇందుకు విరుద్ధముగా నడచినవారును కలరు. 1980లో బొంబాయిలో ఇంగ్లండుతో జరిగిన టెస్టు పోటీలో, అంపైరు ఔటన్న బాబ్ టేలరును మన నాయకుడు గుండప్ప విశ్వనాథ్, బంతి బ్యాటుకు తగులలేదని నమ్మి, మరల ఆడుటకు పిలిపించెను. పిమ్మట టేలరు, బోథమ్ కలిసి 171 పరుగులు చేర్చిరి. మనము 10 వికెట్ల తేడాతో ఓడితిమి. ఆ ఓటమిని తలచుకొని సిగ్గుపడిన భారతీయుని నేనెరుగను. 1988 సియోల్ ఒలింపిక్ క్రీడలలో కెనడావాడైన లారెన్స్ లెమ్యూ, పడవ పందెములో రెండవ స్థానమున ఉండియు, పడవ తలక్రిందులైన ఇద్దరు సింగపూరు ఆటగాండ్రను రక్షించుటకు దారి మరల్చెను. పందెములో వెనుకబడెను, ప్రాణములు నిలిచినవి.

ఇక నా సొంత లెక్క. నాకు ఇరువది యేండ్లప్పుడు, సంక్రాంతి పండుగకు పొరుగూరితో చెడుగుడు పోటీ జరిగెను. వారి జట్టులో కూతకు వచ్చు యువకుని ఎడమకాలికి అంతకుముందే దెబ్బ తగిలియున్నదని నేను చూచితిని. చివరి కూతలో ఆ కాలినే పట్టితిని. నియమములలో తప్పు లేదు. మావారు నన్ను భుజములపై నెక్కించుకొని ఊరేగిరి. అతనిని ఇద్దరు మోసికొనిపోయిరి. ఆ యేడు దాళ్వా నాట్లకు అతనికి బదులు అతని తల్లి పొలములో దిగినదని పిమ్మట వింటిని. పొరుగూరు రెండు మైళ్లే. నేను పోలేదు.

రెండేండ్లకు సంతలో కనబడినప్పుడు క్షమింపుమంటిని. అతడు నవ్వి, "ఆటలో పట్టు పట్టారు, అందులో తప్పేముందండీ? కాని ఓసారి వచ్చి చూసిపోతారని నెలంతా ఎదురుచూశాను" అనెను. ఎందరి భూముల లెక్కలో సరిచూచితిని గాని, ఆ బాకీ నేటికిని తీరలేదు.

కావున యువకులారా! రేపటి ఆటలకు నేను కోరునవి మూడు. గీత త్రొక్కినవాడు, ఎవరును చూడకున్నను, తానే చెప్పవలయును. పడినవానిని లేవదీయు పని పట్టినవానిది. దెబ్బ తగిలినవాని యింటికి మరునాడు ఉదయము అవతలి జట్టువారు పోయి పలుకరింపవలయును. ఈ మూడవదానిని మరువకుడు. గెలుపెవరిదన్నది ఊరు ఏడాదిలో మరచును. రాని మనిషిని ఎదురుచూచినవాడు మరువడు.