కోరంగి రేవు ప్రశ్నలు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉదయం పచ్చడి తిన్నాము, పంచాంగం విన్నాము, రామభజన చేసుకున్నాము. భోజనాలకు ముందు జరిగిన ప్రశ్నల పోటీకి ఈ ఏడు విషయం ఓడలు: తెలుగు తీరము, దాని చరిత్ర, ఓడల మాట వచ్చే సాహిత్యము. బహుమతులు ఇవ్వడం కూడా అయిపోయింది. కాని ఒక్క మాటలో జవాబు చెప్పి కూర్చుంటే ప్రశ్నకు న్యాయం జరగదు. అందుకని సాయంకాలపు తరగతి ఉపాధ్యాయులమైన మాకు కార్యవర్గం వారు పదిహేను నిమిషాలు ఇచ్చారు. గడియారం కూడా మా ఎదురుగానే పెట్టారు.

ఓడలే ఎందుకు అని కొందరు తల్లిదండ్రులు అడిగారు. మా తరగతిలో పిల్లలను "మన పెద్దలు ఎలా వచ్చారు?" అని అడిగితే "ఓడలో" అంటారు. "ఓడకు ముందు?" అంటే మౌనం. మన కథ ఓడ అడుగు అరలో, కూలి ఒప్పందపు కాగితంతో మొదలైనదని వారి నమ్మకం. వారిని ఏమనగలము? మారిషస్ తెలుగు ఇళ్ళలో తరతరాలుగా వినిపించిన కథ అంతవరకే. అయితే సముద్రానికి తెలుగువారి సంగతి అంతకు ముందే తెలుసు.

ఓడ బొమ్మ వేసిన నాణెములు ఏ రాజులవి? ఈ ప్రశ్నకు నలుగురు పిల్లలు చేతులెత్తారు. శాతవాహనులవి. రెండవ శతాబ్దంలో యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన సీసపు నాణెముల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ కనిపిస్తుంది. కృష్ణా తీరాన ఘంటసాలలో దొరికిన ఒక ప్రాకృత శాసనంలో మహానావికుడు శివకుని పేరు ఉన్నది. రాజుల పేర్లు రాళ్ళ మీద ఎన్నో ఉంటాయి. ఓడ నడిపినవాని పేరు ఉండడం అరుదు, అందుకే ఆ పేరును పిల్లలచేత మూడుసార్లు పలికించాము.

తరువాతి ప్రశ్న మాకు చాలా ఇష్టమైనది. తుఫానులో ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొని వస్తే, ఆ సరుకు ఎవరిది? దొరికినవారిది అని ఒక అబ్బాయి. పోలీసులది అని మరొక అబ్బాయి. సభలో నవ్వులు. కాని పూర్వం రాజులు ఆ అబ్బాయిల వంటివారే. ఒక దేశానికి బయలుదేరిన ఓడ గాలివాటుకు దారి తప్పి తమ రేవులో పడితే, అందులోని బంగారము, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కొనేవారు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో శాసనం వేయించి ఈ ఆచారాన్ని మాన్పించాడు. ప్రాణం కంటె ధనమే మిన్న అనుకొని సముద్రానికి తెగించి వచ్చేవారికి, నిర్ణయించిన సుంకం తప్ప మిగిలినదంతా విడిచిపెడుతున్నామని అభయమిచ్చాడు. ఎగుమతికైనా దిగుమతికైనా సుంకం ముప్పైలో ఒక వంతు. చందనము, కర్పూరము, ముత్యాలు, పన్నీరు, దంతము, రాగి, సీసము, పట్టు, పగడము, మిరియాలు, పోకలు ఇలా సరుకుల పట్టిక కూడా చెక్కించాడు. ఆ శాసనం మోటుపల్లి వీరభద్రుని గుడిలో ఉన్నది.

ఇది రాజుగారి దయ అని పుస్తకాలు పొగడుతాయి. దయ ఉన్నది, కాదనము. లెక్క కూడా ఉన్నది. దోచుకునే రేవుకు రెండవసారి ఎవరు వస్తారు? అభయమిచ్చిన రేవుకు వస్తారు, ముప్పైలో ఒక వంతు ఏటేటా ఇస్తారు. ఆ శతాబ్దం చివర మార్కోపోలో ఈ రేవును ముత్ఫిలి అని వర్ణించి, సాలెగూడు వంటి సన్నని వస్త్రాలను మెచ్చుకున్నాడు. మనవాడు కాని మనిషి మన నేతగాళ్ళకు ఇచ్చిన యోగ్యతాపత్రం అది. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పేచోట రేవులను బాగుచేయమంటాడు, ఆపదలో చిక్కి వచ్చిన పరదేశీయులను వారికి తగినట్లు పోషించమంటాడు. పరదేశంలో దిగిన వారి మనుమలమైన మనకు ఆ మాట మరికొంచెం గట్టిగా వినిపిస్తుంది.

సాహిత్యం ప్రశ్నలలో పెద్ద పరుగు శ్రీనాథునిది. కప్పలి, జోంగు, వల్లి, వలిక అంటే ఏమిటి? పిండివంటలని ఒక జట్టువారు వ్రాశారు. పండుగనాడు ఆ ఆలోచన రావడం సహజమే. అవి ఓడలలో రకాలు. హరవిలాసము కావ్యాన్ని శ్రీనాథుడు అంకితమిచ్చినది రాజుకు కాదు, అవచి తిప్పయ్యసెట్టి అనే ఓడ వర్తకునికి. సింహళం నుండి ఏనుగులు, హురుమంజి నుండి గుర్రాలు, చీనా నుండి పట్టువస్త్రాలు, పంజారం నుండి కర్పూరం తెప్పించేవాడని కవి చెబుతాడు. కొండవీడు రాజు కుమారగిరి రెడ్డి ఏటేటా వసంతోత్సవంలో కర్పూరం వెదజల్లించేవాడు, అందుకే ఆయనను కర్పూర వసంతరాయలు అన్నారు. ఆ కర్పూరం సముద్రం దాటి ఓడలలో వచ్చినదే. మన వసంతపు పండుగలకు ఓడలతో అంత దగ్గరి చుట్టరికం ఉన్నదన్నమాట.

త్యాగరాజస్వామి నౌకాచరిత్రంలో పడవ సముద్రం మీదిదా అన్న ప్రశ్న తేలికది. కాదు, యమున మీదిది. గాలివాన వచ్చి, పడవకు చిల్లిపడి, గోపికల గర్వం అణగిపోతుంది.

మాటల దగ్గర ఒక అమ్మాయి చుక్కాని అనే మాట చుక్క నుండి వచ్చిందని వాదించింది. చుక్కలను చూసి ఓడ నడుపుతారు కదా అని ఆమె తర్కం. చక్కని తర్కమే, కాని ఆ మాట అరబ్బు నావికులది. లంగరు, సరంగు పారసీ నుండి వచ్చాయి. తెరచాప, తెడ్డు, తెప్ప మనవి. ఒకే ఓడ మీద పనిచేసినవారు సరుకులతోపాటు మాటలు కూడా మార్చుకున్నారు. మన పిల్లలు క్రియోలు, ఫ్రెంచి, తెలుగు కలిపి మాట్లాడితే కసిరేవారు ఈ సంగతి కొంచెం గుర్తుంచుకోవాలని మా విన్నపం.

ఇక కోరంగి. "మనలను కోరంగీలు అని ఎందుకు అన్నారు?" అన్నదే చివరి ప్రశ్న. ఈ ప్రశ్న పెట్టవద్దని ఒకరిద్దరు పెద్దలు చెప్పారు, అది ఎగతాళి మాటగా విన్నవారు వారు. మేము పెట్టాము. కోరంగి ఒక రేవు. గోదావరి సముద్రంలో కలిసేచోట, నేటి కాకినాడకు దక్షిణాన ఉన్నది. అక్కడ ఓడలు కట్టేవారు, దెబ్బతిన్న ఓడలను బాగుచేసేవారు. ఆ రేవు నుండి వచ్చిన తెలుగువారిని ఇక్కడా, రంగూనులోనూ ఆ పేరుతోనే పిలిచారు. 1789 డిసెంబరులో మూడు పెద్ద అలలు ఆ ఊరిని ముంచాయి. 1839 నవంబరు తుఫానులో ఉప్పెన వచ్చి రేవును, ఓడలను ధ్వంసం చేసింది. ఆ ఉప్పెనల సంగతి వ్రాసిన హెన్రీ పిడింగ్టనే 1848లో సైక్లోను అనే మాటను పుట్టించాడు. ప్రతి వేసవిలో రేడియోలో మనం భయపడుతూ వినే మాట వెనుక మన పెద్దల ఊరు ఉన్నది.

కోరంగి పేకెట్ అనే ఓడ 1843లో తెలుగువారిని ఇక్కడికి తెచ్చింది. వచ్చినవారు మహానావికులు కారు, తిప్పయ్యసెట్లూ కారు. పొలం పనివారు, చేతిపనివారు. 1832, 33 సంవత్సరాల నందన కరువును చూసిన తరం వారిది. వారిలో చాలామందికి సముద్రం అంటే భయమే. శాతవాహనుల ఓడల పేరు చెప్పి వారి కష్టాన్ని కప్పిపుచ్చడం మాకు ఇష్టం లేదు. అయితే ఆ కష్టాన్ని పట్టుకొని వారి ఊరికి చరిత్ర లేదనడం కూడా అన్యాయమే.

ఆ ఓడ తరువాత ఏమైనది? ఈ ప్రశ్నకు మాత్రం ఎవరూ చేయి ఎత్తలేదు. 1845లో ఆస్ట్రేలియాకు తూర్పున పగడపు సముద్రంలో పగిలిపోయింది. అక్కడి చిన్న దీవులకు కోరంగి దీవులని పేరు నిలిచింది. అసలు కోరంగి రేవు గోదావరి ఒండ్రుకు పూడిపోయింది, వ్యాపారం కాకినాడకు తరలింది. ఇప్పుడక్కడ మడ అడవులు, పక్షులు ఉన్నాయి, 1978 నుండి అభయారణ్యం. మోటుపల్లిలో వర్తకులకు దొరికిన అభయం కోరంగిలో కొంగలకు దొరికింది.

గడియారం చూపిస్తున్నారు. ఒక్క మాట చెప్పి ముగిస్తాము. పోర్ట్‌లూయీ ఒడ్డున ఆప్రవాసి ఘాట్‌లో పదహారు మెట్లు ఎక్కిన వారందరికీ ఒక అంకె వేసి పుస్తకంలో వ్రాశారు. ఆ పుస్తకాలు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నాయి. మీ ఇంట్లో పాత పెట్టెలో తాతగారి కాగితం ఉంటే వచ్చే మంగళవారం తరగతికి తీసుకొని రండి. గుమాస్తాలు ఊళ్ళ పేర్లు తమకు వినబడినట్లు వ్రాసుకున్నారు. పెద్దవాళ్ళు పైకి చదివితే, అది ఏ ఊరో తెలుగు పలుకుబడిని బట్టి పోల్చుకోవచ్చు. అమ్మమ్మలు, నాయనమ్మలు తప్పక రావాలి. తరగతి ఆరు గంటలకు.