తీపి వేరు, చక్కెర వేరు
(నిజాంపట్నము ప్రాంత పంచాయతీ సభ్యుల కొరకైన ప్రసంగ పాఠము)



మధుమేహముగలవారు “పంచదార మానివేసితిమి, తాటిబెల్లమే వాడుచున్నాము” అని నిశ్చింతగా చెప్పుట మనము తరచుగా వినుచున్నాము. మరికొందరు అంగడిలో దొరకు తీపిమాత్రలు పంచదార చేయు పనులన్నియు చేయునని తలచుచున్నారు. ఈ రెండు తలంపులును సరియైనవి కావు. రెండవదానివలన ఒక్కొక్కప్పుడు ప్రాణమునకే ముప్పు వాటిల్లును.

మొదట తాటిబెల్లము మాట. సున్నము పూసిన కుండలో పట్టిన తాటినీరా తియ్యగా నిలుచుననియు, పూయని కుండలోనిది ప్రొద్దెక్కునప్పటికే నురుగెత్తి కల్లగుననియు ఈ తీరమువారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఈస్టు అను సూక్ష్మజీవి నీరాలోని చక్కెరను తిని, ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును విడుచును. సున్నము దానిని అడ్డగించును. ఆ నీరానే కాచినచో బెల్లమగుచున్నది. కాచుటలో నీరు పోవును గాని చక్కెర పోదు. తాటిబెల్లములో ఖనిజములు కొంచెము హెచ్చు. దాని రుచి మాకును ప్రియమే. అయినను అందు అధికభాగము చక్కెరయే.

దీనిని పాఠశాలలో కన్నులార చూపవచ్చును. మూడు సీసాలలో సమానముగా గోరువెచ్చని నీరు పోసి, ఒక్కొక్కదానిలో ఒక చెంచా రొట్టెల ఈస్టు కలుపవలెను. ఒకదానిలో రెండు చెంచాల పంచదారయు, రెండవదానిలో అంతే పొడిచేసిన బెల్లమును, మూడవదానిలో రెండు సాకరిన్ మాత్రలును వేసి, మూతులకు రబ్బరు బుడగలు తొడుగవలెను. గంట గడచునప్పటికి మొదటి రెండు బుడగలును వాయువుతో నిక్కును. మూడవది వ్రేలాడుచునే యుండును, లేదా నామమాత్రముగా కదలును. నీరు తియ్యగానే యున్నను ఈస్టుకు అందు ఆహారము లేదు. పిల్లలు ఈ మూడవ సీసానే ఎక్కువసేపు చూతురు.

1879లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయములో ఫాల్‌బర్గ్ అను రసాయనికుడు, చేతికంటిన తీపినిబట్టి సాకరిన్‌ను కనుగొనెను. అది పంచదారకంటె సుమారు 300 రెట్లు తీపి. నాలుకమీది రుచిగ్రాహకములను మేల్కొల్పును గాని శరీరమునకు శక్తి నీయదు. అందుచేత మధుమేహముగలవారు వైద్యుని సలహాపై కాఫీ, తేనీటిలో మితముగా వాడుకొనవచ్చును. మధుమేహము లేనివారు బరువు తగ్గుటకై ఇట్టి కృత్రిమ తీపి పదార్థములపై ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించినది.

ఇక ముప్పు మాట. విరేచనములు పట్టిన బిడ్డకు ఓ.ఆర్.ఎస్. పొట్లము దొరకనప్పుడు, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చదును చెంచాల పంచదారయు, అర చెంచా ఉప్పును కలిపి త్రాగింతుము. ఇందలి పంచదార రుచికొరకు కాదు. పంచదారనుండి పుట్టు గ్లూకోజు ప్రేగులలో ఉప్పును వెంటబెట్టుకొని లోనికి పోవును. ఆ రెంటిని అనుసరించి నీరు పోవును. తీపిమాత్ర వేసిన నీరు ఎంత తియ్యగా నున్నను ఈ పని చేయజాలదు.

మధుమేహమునకు మందు పుచ్చుకొనువారు వేళకు భోజనము చేయనియెడల, రక్తములో చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చును. చెమటలు, వణకు, తడబాటు దాని గుర్తులు. తెలివితో నున్నచో వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదారను నీటిలో కలిపి త్రాగింపవలెను. పావుగంటకు తేరుకొననిచో మరల ఈయవలెను. తెలివి తప్పినవాని నోట ఏమియు పోయరాదు, ఆసుపత్రికి చేర్పవలెను. ఇచ్చట తీపిమాత్ర ఇచ్చి కూర్చుండినచో విలువైన కాలము వ్యర్థమగును.

నిజాంపట్నము రేవునుండి వేటకు పోవు పడవలలో ఇట్టి మందు వాడువారుండవచ్చును. నడిసముద్రమున అంగడియు లేదు, వైద్యుడును లేడు. పంచదార పొట్లమొకటి తడియని డబ్బాలో పెట్టుకొని, అది ఎచ్చట నున్నదో తోడివారికి చూపి పోవలెనని పడవల యజమానులకు మీరు చెప్పుడు. సీసాల ప్రయోగమునకు కావలసిన ఈస్టు రొట్టెల దుకాణములో దొరకును.